అక్షరభ్రంశము

"తెలుగు" అను మాటను ఒక కంప్యూటరు వ్రాసి పంపగా మఱియొక కంప్యూటరు చదివినదనుకొందము. వ్రాసినది ఎక్కువ విలువగల బైటును ముందుంచునది. చదివినది తక్కువ విలువగల బైటును ముందు కోరునది. అప్పుడు చదివినచోట తెలుగు కనబడదు. తకారమున్నచోట పుట మార్పును దెలుపు యంత్రసంజ్ఞయు, లకారమున్నచోట కుండలీకరణములలోని కొరియా అక్షరమును, గకారమున్నచోట ఫిలిప్పీను ద్వీపముల పూర్వలిపిలోని యకారమును, గుణింతపు గుర్తులున్నచోట్లనెల్ల చీనా అక్షరములును దర్శనమిచ్చును. ఇది హాస్యమునకు జెప్పిన మాట గాదు. చదువరులు కాగితముపై లెక్కవేసి చూడవచ్చును. బైటు అనగా 0 మొదలు 255 వరకు ఒక సంఖ్యను దాచగల గడి. యూనికోడు పట్టికలో గకారము సంఖ్య 3095. దానిని రెండు బైట్లలో నుంచినచో మొదటిది 12, రెండవది 23. 12ను 256చే గుణించి 23 కలిపిన 3095 వచ్చును. తాఱుమాఱుగా చదివిన యంత్రము 23ను 256చే గుణించి 12 కలుపును. వచ్చునది 5900. ఆ స్థానము తగలాగు లిపిది. ఏ యంత్రమును లెక్క తప్పలేదు. అయినను మన మాట మనకు దక్కలేదు.

యంత్రనిర్మాతలలో ఈ రెండు తెగలును చిరకాలమునుండి యున్నవి. ఐబీఎం వారి పెద్ద యంత్రములు, మోటరోలా 68000, సన్ వారి స్పార్కు మొదటి తెగవి. ఇంటెలు 8086 సంతతి రెండవ తెగది. 1980లో డానీ కోహెన్ అను నాతడు ఈ కలహమును జూచి, 1726లో స్విఫ్టు ప్రకటించిన గలివరు యాత్రలలో గ్రుడ్డును ఏ కొనను పగులగొట్టవలెనని పోరాడినవారి పేళ్లనే వీరికిని పెట్టెను. పేరు తగినదే. ఏ కొనను గొట్టినను నష్టము లేదు; ఏ కొనను గొట్టితిమో చెప్పకుండుటలో నష్టము గలదు. చెప్పుటకు ఉపాయమును లేకపోలేదు. ఫైలు మొదట 65279 సంఖ్యగల గుర్తు నుంచినచో, తాఱుమాఱుగా చదువు యంత్రమునకు 65534 కనబడును. ఆ సంఖ్యను ఏ యక్షరమునకును ఈయరాదని నియమము గనుక పొరపాటు వెంటనే బయటపడును.

1992లో కెన్ థాంప్సను, రాబ్ పైకు కల్పించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ వివాదమే లేదు. బైట్ల వరుస ఎల్లచోట్ల నొక్కటే. అందు గకారమునకు 224, 176, 151 అను మూడు బైట్లు. ఆంగ్లాక్షరమునకు ఒక్కటి చాలును. మనపై మూడింతల పన్ను వేసిరని సణుగువారున్నారు. నేను వారితో జేరను. స్థలము చాలకున్న కొనవచ్చును.

కాని యూటీఎఫ్-8 వచ్చినంతమాత్రమున చిక్కులు తీఱలేదు. సీ భాషలో అక్షరపు బైటును ఋణసంఖ్యగా నెన్నవచ్చునా, కూడదా యను సంగతి కంపైలరు నిర్మాతల యిష్టమునకు విడువబడినది. ఇంటెలు యంత్రములపై సాధారణముగా ఎన్నుదురు. ఆర్ము యంత్రములపై లినక్సులో సాధారణముగా ఎన్నరు. కావున మన 224 ఒకచోట 224గానే యుండి, మఱియొకచోట ఋణ 32 అగును. ఆ సంఖ్యతో పట్టికలో వెదకు ప్రోగ్రాము పట్టికకు వెలుపల చేయి పెట్టును. మఱియొక ప్రోగ్రాము ఫైలును 4096 బైట్ల చొప్పున చదువును. నడుమ ఖాళీలేని తెలుగైనచో, గుణింతపు గుర్తులనుగూడ లెక్కింపగా, 1365 అక్షరములు పట్టి ఒక బైటు మిగులును. 1366వ దాని మొదటి ముక్క ఈ గుక్కలోను, తక్కిన రెండు ముక్కలు వచ్చు గుక్కలోను పడును. వాని నతుకుట మఱచిన ప్రోగ్రాము చేతిలో ఆ యక్షరము చచ్చును.

ఈ దోషములలో నొక్కటియు ఆంగ్లముతో పరీక్షించిన బయటపడదు. ఆంగ్లాక్షరముల సంఖ్యలన్నియు 128కి లోపలివి, ఒంటి బైటువి. పరీక్షలో నెగ్గినదని చెప్పి మనకు పంపుదురు. పంపువారెవరు? తెలుగుదేశమున బుట్టిన యువకులే అనేకులు హైదరాబాదులో గూర్చుండి ఆంగ్లపు పేళ్లతో పరీక్షించుచున్నారు. ఇది నాకు మిక్కిలి కష్టముగా దోచుచున్నది. పరీక్షలో నొక తెలుగు మాటను జేర్చుటకు ఎవరి యనుమతి కావలెను?

న్యాయవాదిగా నేనొక భేదమును జెప్పవలసియున్నది. తప్పుగా చదువబడిన పత్రము వేఱు, చెఱిపివేయబడిన పత్రము వేఱు. ఒక కార్యాలయమునుండి నాకు వచ్చిన పత్రములో కక్షిదారు పేరుండవలసినచోట ప్రశ్నార్థకములు బారులు తీఱియుండెను. గుమాస్తాను అడుగగా "కంప్యూటరులోనే అట్లున్నదండీ" అనెను. ఇట్టిచోట తెరను జూచి తీర్పు చెప్పరాదు, బైట్లను జూడవలెను. 224, 176 లేక 224, 177 అను జంటలు మాటిమాటికి వచ్చుచుండినచో తెలుగు భద్రముగా నున్నది. తెరపై తలమీద గీతగల లాటిను అక్షరమును, దాని ప్రక్క ఉష్ణోగ్రతకు వేయు చిన్న సున్నయు కనబడినను భయము లేదు. చదువు పద్ధతిని మార్చిన చాలును. ఖాళీ గడులు కనబడిన, ఆ లిపికి ఫాంటు లేదని సాధారణముగా అర్థము. 63 అను సంఖ్యయే వరుసగా నున్నచో నది నిజమైన ప్రశ్నార్థకము. తెలుగెఱుగని ప్రోగ్రాము ఏదియో నడుమ అక్షరమును దీసివేసి దీని నుంచినది. అందుండి ఏ పండితుడును పేరును రాబట్టలేడు.

నేను చూచిన పత్రములో 63లే యుండెను. మూలప్రతిని పంపుడని వ్రాసితిని. పంపినవారి యంత్రములో పేరు చెక్కుచెదరక యున్నది. దానిని ఒకచోటినుండి మఱియొకచోటికి దాటించిన ప్రోగ్రాము మ్రింగినది. కొత్త ప్రతి చేతికి వచ్చునప్పటికి ఒక వాయిదా గడచిపోయినది. ఆ ప్రోగ్రాము ఇప్పటికిని అచ్చటనే పనిచేయుచున్నది.