పట్టా కలిస్తే సరిపోదు!

చిన్నోడి పుట్టినరోజుకి కొత్త బొమ్మ రైలు కొన్నారు. ఇంట్లో ఉన్న పాత పట్టాల మీద చక్కగా పరుగెడుతోంది. తీరా చూస్తే, ప్లాట్‌ఫాం మీది స్టేషన్‌ మాస్టారి బొమ్మ రైలు కిటికీకైనా అందడం లేదు! తప్పు రైలుది కాదు. స్కేలు వేరు, గేజి వేరు.

అసలు రైలుని ఎన్నో వంతుకి కుదించారో చెప్పేది స్కేలు. రెండు పట్టాల మధ్య ఎడం గేజి. కాల్కా-సిమ్లా కొండరైలునే తీసుకోండి. దాని గేజి 762 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ స్కేలులో, అంటే 87వ వంతుకి తగ్గిస్తే సుమారు 8.8 వస్తుంది. అందుకే ఆ బొమ్మకి 9 మిల్లీమీటర్ల పట్టాలు సరిపోతాయి. పెద్ద రైళ్లను 160వ వంతుకి కుదించిన ‘ఎన్‌’ రకం బొమ్మలు నడిచేదీ 9 మిల్లీమీటర్ల పట్టాల మీదే. కానీ మొదటిదానికి తగిన మనిషి బొమ్మ దాదాపు రెండు సెంటీమీటర్లుంటే, రెండోదానికి సెంటీమీటరు చాలు. డార్జిలింగ్‌ రైలు గేజి ఇంకా తక్కువ, 610 మిల్లీమీటర్లే. హెచ్‌ఓలో లెక్క తప్పకుండా చేయాలంటే 7 మిల్లీమీటర్ల పట్టాలు కావాలి.

కాబట్టి పట్టాలు గేజిని బట్టి, స్టేషనూ చెట్లూ మనుషులూ స్కేలుని బట్టి కొనాలి. రెండూ చూసుకున్నాకే డబ్బులు తీయండి!