"పార్ట్‌టైం దొరికిందా?" అని అడిగే ముందు



పోయిన నెల తొమ్మిదో తరగతిలో ఇన్‌ఫార్మల్ లెటర్ రాయించాను. దూరంగా ఉన్న మీవాళ్లు ఎవరికైనా రాయండి అన్నాను. చాలామంది పుట్టినరోజుల గురించి, సెలవుల గురించి రాశారు. ఒక అబ్బాయి మాత్రం అమెరికాలో ఎంఎస్ చేస్తున్న వాళ్ల అన్నయ్యకు రాశాడు. రాత్రిపూట గ్యాస్ స్టేషన్‌లో పనికి వెళ్లొద్దని, అమ్మ నిద్రపోవడం లేదని, నాన్న మాత్రం "ఇంకో ఏడాదే కదా" అంటున్నాడని దాని సారాంశం. గ్రామర్ తప్పులు రెండు మూడు ఉన్నాయి. దిద్ది, మార్కులు వేసి ఇచ్చేశాను గానీ ఆ ఉత్తరం మనసులోంచి పోలేదు.

ఇది ఇంజనీరింగ్ కాలేజీల వాళ్లు రాయాల్సిన విషయం కదా, స్కూలు న్యూస్‌లెటర్‌లో ఎందుకు అని మీకు అనిపించవచ్చు. మనం ఉన్న చోటు అలాంటిది. అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకు వచ్చింది, అంటే మన వీధి చివరికే వచ్చినట్టు. 2023-24లో అమెరికా కాలేజీల్లో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఏ దేశం నుంచీ అంతమంది లేరు. పేరెంట్స్ మీటింగ్‌లో ఏడో తరగతి పిల్లల నాన్నలు కూడా "ఎంఎస్‌కి వెళ్లే నాటికి ఇంగ్లిష్ సరిపోతుందా మేడం?" అని అడుగుతున్నారు. ఇంగ్లిష్ సరిపోతుంది. సరిపోనిది ఇంకొకటి ఉంది. అది ఇంటి లెక్క.

ముందు రూల్ చెప్తాను. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థి క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు పనిచేయొచ్చు, అదీ క్యాంపస్‌లోనే. లైబ్రరీ, డైనింగ్ హాల్, ల్యాబ్, ప్రొఫెసర్ దగ్గర పేపర్లు దిద్దే పని, ఇలాంటివి. సెలవుల్లో ఫుల్‌టైం చేయొచ్చు. మొదటి విద్యా సంవత్సరంలో బయట పని దాదాపు లేనట్టే. తర్వాత కూడా ఎక్కువగా చదువుకు సంబంధించిన పనికే, అదీ అనుమతి చేతికి వచ్చాకే. చదువుతుండగా అయితే సీపీటీ, కాలేజీలో డీఎస్‌ఓ అనే అధికారి ఐ-20 మీద రాసి ఇవ్వాలి. ఓపీటీ అయితే ప్రభుత్వం నుంచి కార్డు రావాలి. అది 12 నెలలు, సైన్స్, ఇంజనీరింగ్ లాంటి కోర్సులకు ఇంకో 24 నెలలు. గ్యాస్ స్టేషన్ కౌంటరు, ఇండియన్ రెస్టారెంట్ వంటగది ఇందులో ఎక్కడా పట్టవు. మిగతా దేశాల్లోనూ హద్దులున్నాయి. కెనడాలో 2024 నవంబర్ నుంచి క్యాంపస్ బయట వారానికి 24 గంటలు, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటలు. కానీ అక్కడ బయట దుకాణంలో చేసినా చట్టబద్ధమే. అమెరికాలో కాదు. ఈ తేడా చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. అన్ని దేశాలూ ఒకటే అనుకుంటారు.

ఇప్పుడు ఇంటి లెక్కకు వస్తాను. ఐ-20 రావాలంటే మొదటి ఏడాది ఫీజుకు, ఖర్చులకు డబ్బు ఉందని బ్యాంకు కాగితాలు చూపించాలి. మనం చూపిస్తాం. ఆ బ్యాలెన్స్ కొన్ని వారాలకు తెచ్చి పెట్టిందైనా కావచ్చు, అమీర్‌పేటలో అడిగితే దారి చెప్పేవాళ్లున్నారు. కాగితం మీద అంతా సరిపోతుంది. ఇంట్లో మాత్రం వేరే లెక్క నడుస్తుంది. మొదటి సెమిస్టర్ లోన్‌తో కడదాం, తర్వాత వాడే సంపాదించుకుంటాడు అని. కాగితానికీ ఇంటికీ మధ్య ఉన్న ఆ లోటును పూడ్చడానికే పిల్లాడు రాత్రి పదింటికి కౌంటరు వెనక నిలబడుతున్నాడు. వాడికి ఆ పని మీద మోజు ఉండి కాదు.

క్యాంపస్ పని దొరికిందే అనుకుందాం. గంటకు 12 డాలర్లు, వారానికి 20 గంటలు అంటే 240 డాలర్లు. నలుగురితో కలిసి ఉంటే అద్దె వాటా, తిండి, ఫోన్ బిల్లు నడుస్తాయి. ఫీజు కట్టేంత రాదు, ఇక్కడి ఈఎంఐ అసలే తీరదు. పైగా అందరికీ దొరకదు కూడా.

2024 నవంబర్‌లో చికాగో దగ్గర ఒక గ్యాస్ స్టేషన్‌లో ఖమ్మం జిల్లా యువకుడు, 2025 అక్టోబర్‌లో డల్లాస్ దగ్గర ఇంకో గ్యాస్ స్టేషన్‌లో హైదరాబాద్ యువకుడు కాల్పుల్లో చనిపోయారు. వాళ్ల అనుమతుల గురించి నేనేమీ అనడం లేదు, అది మనకు అక్కర్లేని విషయం. ఆ పని చేసే చోటు గురించే అంటున్నాను. రాత్రివేళ, ఒంటరిగా, గల్లాలో నగదు. అనుమతి లేకుండా చేసేవాడికి ఇంకో బరువు ఉంటుంది. ఓనరు జీతం ఎగ్గొట్టినా, ఎవడైనా వచ్చి బెదిరించి పోయినా, పోలీసులకు ఫోన్ చేస్తే ముందు తన సంగతే బయటపడుతుందని భయపడతాడు. స్టేటస్ పోతే తిరిగి ఇవ్వమని అడిగే దారి ఒకటుంది గానీ, అనుమతి లేకుండా పనిచేసినవాళ్లకు ఆ దారి మూసే ఉంటుంది.

"మొదటి రోజు నుంచే ఫుల్‌టైం పని చేసుకోవచ్చు" అని చెప్పే కాలేజీలు వింటే నాకు మిషిగన్ గుర్తొస్తుంది. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి ఉండేది. క్లాసులు లేవు, టీచర్లు లేరు. నడిపింది అమెరికా ప్రభుత్వ అధికారులే, వల వేయడానికి. 2019 జనవరిలో బయటపడేసరికి 129 మంది భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. వాళ్లలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. చేర్పించినందుకు కేసులు పడిన ఎనిమిది మందిలోనూ మనవాళ్లే ఎక్కువ. అంతకు ముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ ఉంది, అప్పుడు కొందరు పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. ఎనిమిదేళ్ల తేడాలో రెండుసార్లు, ఇంచుమించు ఒకే ఆశ చూపించి. పిల్లలు మోసపోయారా, తెలిసే చేరారా అని అప్పట్లో టీవీల్లో వాదించుకున్నారు. ఆ పని సంపాదన మీద లెక్కలు వేసుకున్న ఇళ్ల గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

"మేం వెళ్లినప్పుడు అంట్లు తోమాం, పెట్రోల్ కొట్టాం, ఇప్పుడు కోకాపేటలో ఫ్లాట్ కొన్నాం" అనే అంకుల్స్ ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. వాళ్ల కష్టం నిజమే, నాకు గౌరవమే. కానీ క్షేమంగా తిరిగొచ్చినవాళ్లే క్లబ్‌హౌస్‌లో కూర్చుని కథలు చెప్పగలరు. చిక్కుల్లో పడినవాళ్లు పెళ్లిళ్లకు కూడా రారు. "లోన్ కట్టేది నువ్వా?" అని నన్ను అడిగే పేరెంట్‌కి నా దగ్గర గొప్ప జవాబు లేదు. ఒక్కటే చెప్పగలను. పార్ట్‌టైం ఆదాయం సున్నా అనుకుని లెక్క వేయండి. అప్పటికీ కుదిరితే పంపండి. కుదరకపోతే తక్కువ ఫీజు ఉన్న స్టేట్ యూనివర్సిటీ చూడండి, లేదా ఇక్కడే రెండేళ్లు ఉద్యోగం చేసి వెళ్లనివ్వండి. మన ఐటీ కారిడార్‌లో ఉంటూ ఇక్కడ ఉద్యోగమే దొరకదు అనుకోవడం వింతగా ఉంటుంది నాకు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకింగ్‌తో పాటు ఇంకో కాగితం కూడా చూడండి. అమెరికాలో క్లెరీ యాక్ట్ అని 1990 నాటి చట్టం ఉంది. దాదాపు ప్రతి కాలేజీ ఏటా అక్టోబర్ 1లోగా భద్రతా నివేదిక బయటపెట్టాలి, గత మూడేళ్ల నేరాల లెక్కలతో సహా. క్యాంపస్‌లో ఎన్ని దోపిడీలు, ఎన్ని తీవ్రమైన దాడులు, ఆనుకుని ఉన్న రోడ్డు మీద ఎన్ని, అన్నీ అందులో ఉంటాయి. రాత్రి లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా తోడు వచ్చే సర్వీసు ఉందో లేదో కూడా కాలేజీ సైట్‌లోనే తెలుస్తుంది. నాలుగు మైళ్ల అవతల ఉన్న గ్యాస్ స్టేషన్ మాత్రం ఆ నివేదికలోకి రాదు. మీ పిల్లలు ఎక్కడ పనిచేస్తే కాలేజీ వాళ్లను లెక్కలోకి తీసుకుంటుందో దీన్ని బట్టి తెలిసిపోతుంది.

ఫోన్ చేసినప్పుడు మొదటి ప్రశ్న "పార్ట్‌టైం దొరికిందా?" అయితే, ఏదో ఒకటి దొరికేదాకా వాడికి నిద్ర పట్టదు. "తిన్నావా, క్లాసులు ఎలా ఉన్నాయి, డీఎస్‌ఓని కలిశావా?" అని అడిగి చూడండి.

పెద్ద పిల్లలను వచ్చే ఏడాది పంపే ఆలోచన ఉన్నవాళ్లు కాలేజీ పేరు రాసుకుని తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌కి రండి. ఆ భద్రతా నివేదికల ఇంగ్లిష్ కొంచెం చిక్కుగా ఉంటుంది. మార్కుల సంగతి అయ్యాక ఇద్దరం కలిసి చదువుదాం.