నీళ్ళను కూడా అడగండి

సైకిలు చెయిను ఊడితే మీరే ఎక్కించుకుంటారు గదా! పాత మోటారు ఏదైనా చేతికి చిక్కిందా, విప్పి చూడనిదే మీకు నిద్ర పట్టదు. విప్పినదాన్ని మళ్ళీ బిగించటం వచ్చా రాదా అన్నది వేరే సంగతి.

కెనడాలోనూ అమెరికాలోనూ ఇదే పిచ్చి ఉన్న పెద్దవాళ్ళకు ఒక తమాషా బండి దొరికింది. పెద్ద ప్లాస్టిక్ తొట్టె ఒకటి ఊహించుకోండి. ఆ పక్క మూడు, ఈ పక్క మూడు బొద్దు చక్రాలు. లోపల చిన్న ఇంజను, ఇద్దరు ముగ్గురు కూర్చునే చోటు. కింద స్ప్రింగులు ఉండవు. టైర్లలో గాలి చాలా తక్కువగా పెడతారు గనుక ఆ మెత్తని టైర్లే స్ప్రింగుల పని చేస్తాయి. ఎడమకు తిరగాలంటే ఎడమ పక్క చక్రాలను బ్రేకు వేసి ఆపుతారు. కుడి పక్కవి తిరుగుతూనే ఉండి బండిని తిప్పేస్తాయి. బురద, మంచు, రాళ్ళు, దేన్నీ ఇది లెక్కచెయ్యదు. చెరువు అడ్డొస్తే అందులోకి దిగి, చక్రాలనే తెడ్లుగా చేసుకుని అవతలి ఒడ్డు చేరుతుంది.

1960లలో మొదలైన ఈ బండ్లను ఆ తర్వాత ఎన్నో కంపెనీలు తయారుచేశాయి. వాటిలో చాలా మూతపడ్డాయి. బండ్లు మాత్రం షెడ్లలో మిగిలిపోయాయి. విడిభాగాలు దొరకవు. అందుకని సొంతదార్లు ఇంట్లోనే వాటిని విప్పి, బాగుచేసి, తమకు నచ్చినట్టు మార్చుకుంటారు. మంచి పనే. దీన్ని మించిన భౌతికశాస్త్రం పాఠం నాకు తెలియదు. కాని ఒక్క విషయంలో నాకు వాళ్ళతో తగాదా ఉంది. బండి చేతికి రాగానే చాలామందికి పుట్టే మొదటి కోరిక, "దీనికి ఇంకా పెద్ద ఇంజను పెడదాం!" అని. అది అన్నిటికన్నా చివర ఆలోచించవలసిన సంగతి అంటాను నేను.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. నీళ్ళలో ఈ బండి వేగం గంటకు సుమారు 4 కిలోమీటర్లు. అంటే మనిషి నడిచేటంత. నీళ్ళలో వేగం పెరిగేకొద్దీ నీటి నిరోధం దాదాపు వేగం వర్గంతోపాటు పెరుగుతుంది. దానికి కావలసిన సామర్థ్యం వేగం ఘనంతోపాటు పెరుగుతుంది. కనుక ఇంజను బలం రెండింతలు చేస్తే వేగం రెండింతలు కాదు. 2కు ఘనమూలం 1.26. అంటే గంటకు 4 కిలోమీటర్లు పోయేది మహా అయితే 5 పోతుంది! నిజానికి అదీ రాదు. టైరు గాళ్ళు మంచి తెడ్లు కావు. మరీ వేగంగా తిరిగితే నీళ్ళను చిలుకుతాయే గాని బండిని ముందుకు నెట్టవు.

మరి ఆ పెద్ద ఇంజను ఊరికే వస్తుందా? బరువుతో వస్తుంది. నీటిలో మునిగే అడుగుభాగం 2 మీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు అనుకోండి. వైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లు. అది ఒక సెంటీమీటరు దిగితే 15 లీటర్ల నీటిని తొలగిస్తుంది. 15 లీటర్ల నీటి బరువు 15 కిలోలు. ఆర్కిమెడిస్ చెప్పిన ప్రకారం, మీరు చేర్చే ప్రతి 15 కిలోలకూ బండి ఒక సెంటీమీటరు దిగుతుంది. మునిగిన టైర్లు కూడా కొంత తేలుస్తాయి గనుక కాస్త తక్కువే దిగవచ్చు. అయితే ఇంజను ఒక్కటితో సరిపెట్టేవాడు ఎవడు? ముందు ఇనుప బంపరు, దాని పైన తాళ్ళు లాగే విన్చి, దానికోసం పెద్ద బ్యాటరీ, వెనక పెట్రోలు డబ్బాలు. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిసి 90 కిలోలైతే 6 సెంటీమీటర్లు! తొట్టె అంచుకూ నీటికీ మధ్య మిగిలే జానెడు ఎత్తులో అది చిన్న మొత్తం కాదు.

బరువు ఎంత అన్నది ఒక ప్రశ్న. ఎక్కడ అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. ఇంట్లో ఒక ప్లాస్టిక్ బేసిను తీసుకుని నీళ్ళ తొట్టెలో తేలవేయండి. అడుగున ఒక రాయి పెట్టండి. తర్వాత అదే రాయిని బోర్లించిన గ్లాసు మీద ఎత్తున పెట్టి, బేసినును వేలితో కొద్దిగా ఒంచండి. తేడా మీకే తెలుస్తుంది. ఇప్పుడు రాయి తీసేసి రెండు చెంబుల నీళ్ళు బేసినులో పోసి, మళ్ళీ ఒంచండి. లోపలి నీళ్ళన్నీ ఒంగిన వైపుకే పరుగెత్తి, ఇంకా ఒంచుతాయి. పడవలో నీళ్ళు చేరటం ఎందుకంత ప్రమాదమో దీంతో తేలిపోతుంది.

నీళ్ళు ఎలా చేరతాయంటారా? ఆరు చక్రాలకు ఆరు ఇరుసులు. అవి తొట్టె గోడల్లోంచి బయటికి రావాలి. పడవకు ఎవరైనా ఆరు చిల్లులు పెడతారా? ఈ బండికి పెట్టక తప్పలేదు! ఆ చిల్లుల దగ్గర నీటిని ఆపేది రబ్బరు సీలు, గ్రీజు పట్టించిన బేరింగు, అంతే. నేనైతే ముందు బాగుచేసేది వాటినే. తర్వాత తొట్టె పగుళ్ళు. అక్కడా ఒక చిక్కుంది. కొన్ని తొట్టెలు పాలిథిలిన్‌వి, కొన్ని ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌వి. పాలిథిలిన్ మైనంలాంటిది, మామూలు జిగురు దానికి పట్టదు. వేడిగాలితో కరిగించి అతకాలి. ఏబీఎస్‌కైతే జిగురు చక్కగా పడుతుంది. ఏది ఏదో తెలుసుకోవటానికి చిన్న ముక్క కోసి గ్లాసు నీళ్ళలో వేస్తే చాలు. పాలిథిలిన్ సాంద్రత నీటికన్నా తక్కువ, తేలుతుంది. ఏబీఎస్ మునుగుతుంది.

సీలు గురించి ఇంత పట్టింపు దేనికంటారేమో. ఆరు చక్రాల ఉభయచర వాహనాల్లో పెద్దన్న ఒకడున్నాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి, అమెరికా సైన్యం కోసం 21 వేలకు పైగా తయారైన డీయూకేడబ్ల్యూ అనే లారీ. అందరూ దాన్ని "డక్", అంటే బాతు, అని పిలిచారు. యుద్ధం అయ్యాక కొన్నిటిని మార్చి, బెంచీలు వేసి, ఎండ తగలకుండా పైకప్పు కట్టి, యాత్రికులను తిప్పటం మొదలుపెట్టారు. 1999 మే 1న ఆర్కాన్సా రాష్ట్రంలో హామిల్టన్ సరస్సులో "మిస్ మెజెస్టిక్" అనే బాతు, నీళ్ళలోకి దిగిన కొద్ది నిమిషాలకే మునిగిపోయింది. డ్రైవరుతో కలిపి 21 మందిలో 13 మంది చనిపోయారు, అందులో పిల్లలూ ఉన్నారు. దర్యాప్తులో తేలిందేమిటి? ఇరుసుకు శక్తినందించే కడ్డీ బయటికి వచ్చే చిల్లు దగ్గరి రబ్బరు తొడుగు సరిగా బిగించి లేదు. అందులోంచి నీళ్ళు వచ్చాయి. మునుగుతుంటే జనం పైకి ఈదబోయారు. పైన కప్పు ఉంది.

ఎండకోసం కట్టిన కప్పు! నేల మీద అది మంచి మార్పే. నీళ్ళలో ఏం చేస్తుందని ఎవరూ అడగలేదు. కప్పులు తీసేయమనీ, నీళ్ళు నిండినా తేలేటట్టు చెయ్యమనీ దర్యాప్తు చేసినవాళ్ళు గట్టిగా చెప్పారు. 2018 జులై 19న మిస్సౌరీ రాష్ట్రంలో టేబుల్ రాక్ సరస్సులో తుఫానుగాలికి ఇంకొక బాతు మునిగింది. 31 మందిలో 17 మంది పోయారు. దానికీ కప్పు ఉంది.

అందుకే ఎవరైనా తన చిన్న బండికి అద్దాలగది, తలుపులు, టాపు బిగించానని మురిసిపోతే నాకు ముచ్చట వేయదు. తలుపు నీళ్ళలో తెరుచుకుంటుందా అని అడుగుతాను. తొట్టెలో ఖాళీ మూలల్లో నీరు పీల్చని నురగ దిమ్మలు కూరావా, ప్రతి వస్తువునూ కాటా మీద పెట్టి బరువు నోటు పుస్తకంలో రాశావా అని అడుగుతాను. మొదటిసారి నీళ్ళలోకి దించేటప్పుడు మనుషులను ఎక్కించకూడదు. వాళ్ళ బరువుకు సరిపడా ఇసుక సంచులు వేసి, తాడు కట్టి, మోకాలి లోతులో అరగంట వదిలేయాలి. తర్వాత పొడి గుడ్డతో ఆరు ఇరుసుల దగ్గరా తడిమి చూడాలి. అన్నట్టు, లోపలి నీళ్ళు వదిలేయటానికి తొట్టె అడుగున ఒక బిరడా ఉంటుంది. బండి దించేముందు అది బిగించారో లేదో చూడండి.