ఒకే కొండవాలుపై ఇన్ని ప్రాణనాడులు
రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థకు బహిరంగ లేఖ



శృంగవరపుకోట దాటి, బొడ్డవర మీదుగా అరకు ఘాటు నెక్కు యాత్రికులకు టైడా చల్లగాలికై ఆగు ఒక మజిలీ మాత్రమే. విపత్తులను తలచి ఆ చోటును పరికించినచో మాత్రము, విశాఖ తీరమునకును మన్యమునకును గల బంధములు ఎంత ఇరుకుదారిన సాగుచున్నవో తెలియగలదు. ఘాటు రోడ్డు ఆ కొండలను చుట్టియే పోవుచున్నది; బైలడిలా ఇనుప ఖనిజమును రేవునకు చేర్చుటకై 1960ల దశకమున జపాను సహకారముతో నిర్మింపబడిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము వాటినే తొలుచుకొని ఎగబ్రాకుచున్నది; కరెంటు స్తంభములును, ఫోను తీగలును చాలమేర ఆ దారుల నాశ్రయించియే నిలిచియున్నవి.

ఈ కొండలలో విస్తారముగా నున్న ఖోండలైటు శిల ఎండకును వానకును శిథిలమై మట్టిగా మారు స్వభావము గలది. జడివాన పట్టినప్పుడు కొండవాగైన గెడ్డ వెంట కొట్టుకొనివచ్చిన ఆకు, రాయి, మట్టి కల్వర్టు నోటిని పూడ్చివైచును. దారిలేని నీరు రోడ్డుపైకెక్కి దిగువ అంచును కోయును. అంచున నున్న స్తంభ మొరగి కరెంటు పోవును. సెల్ టవరు కొన్ని గంటలు బ్యాటరీపై బ్రతికి, పిదప డీజిలుకై ఎదురుచూచును. ఆ డీజిలు రావలసినది తెగిన ఆ రోడ్డు మీదనే. కొండపై గూడెమునుండి పురిటినొప్పులు పడుచున్న తల్లిని డోలీలో మోసికొని దిగినవారికి 108కు ఫోను కలియదు, కలిసినను బండి రాజాలదు. ఇందులో ఏ ఒక్కటియు గొప్ప ప్రమాదము కాదు. ఒకటి మరియొకదానిని లాగుకొనిపోవుటయే ప్రమాదము.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఇది మనమందరము చూచినదే. మహానగరములోనే కరెంటు లేక ఫోనులు మూగవోయినవి, పెట్రోలు బంకులు నిలిచిపోయినవి. నగరమే అట్లయినప్పుడు, నగరముపై నాధారపడిన కొండపల్లెల గతిని వేరుగ చెప్పనేల? 2024 జులై 30న కేరళలోని వయనాడులో కొండచరియలు జారి చూరల్‌మల వంతెన కొట్టుకొనిపోగా, ఆవలనున్న ముండక్కైకి సహాయక దళములు చేరుటయే దుర్ఘటమై, సైన్యము బెయిలీ వంతెన కట్టవలసివచ్చినది.

అయినను మన లెక్కలు నేటికిని శాఖలవారీగానే సాగుచున్నవి. రోడ్లు భవనముల శాఖ తన కల్వర్టును, రైల్వే తన కొండకోతను, విద్యుత్ సంస్థ తన స్తంభమును చూచుకొనును. ఎవరి నివేదిక వారికి సమగ్రమే. ఒక చరియ జారినచో ఏవేవి ఒక్కమారుగా పోవును, వానిలో దేనిని మొదట నిలబెట్టినచో తక్కినవి లేచును అను ప్రశ్న మాత్రము ఏ శాఖదియు కాదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము శాఖల నడుమ సమన్వయ భారమును మీ వంటి సంస్థలపై నుంచినది గనుక, ఆ ప్రశ్న మీది.

కావున బొడ్డవర నుండి అరకు వరకు గల ఈ దారిని ఒకే దేహముగా భావించి, అన్ని శాఖలను ఒక్క పటము ముందు కూర్చుండబెట్టి పరీక్షింపుడని వేడుచున్నాను. అనంతగిరి కొండలలో పుట్టి తాటిపూడి జలాశయమును నింపు గోస్తనిని కూడ ఆ పటమున చేర్చుడు; కొండ జార్చిన మట్టి విశాఖ త్రాగునీటి దాకా పోగలదు. వానకాలమున పట్టాల వెంట కాపుతిరుగు రైల్వే సిబ్బంది కంటబడిన పగులు ఆ గంటలోనే రోడ్డు అధికారికి తెలియు ఏర్పాటు చేయుడు. ఏ గెడ్డ ఏ వానకు పొంగునో, ఏ వాలున చెట్లు ఒరుగుచున్నవో గూడెముల పెద్దలు ఎరుగుదురు. వారిని గ్రామసభలలో అడిగి వ్రాసికొనుడు. టవరులకు డీజిలును, ఆరోగ్య కేంద్రములకు మందులును, నెలలు నిండిన గర్భిణులకు రోడ్డు దిగువన వసతియు జూను రాకమునుపే సిద్ధము చేయుడు. ఆ పరీక్షాఫలితమును కార్యాలయముల బీరువాలలో నుంచక, తెలుగులోను, కొండవారి భాషలలోను టైడాలోనే చదివి వినిపింపుడు.

భవదీయుడు,
ఒక మన్యప్రాంత పౌరుడు