అరువులో మునిగే కొట్టుకు ఏ అప్పు కావాలి?

2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్‌లో మొదటి రకం టమాటా కిలో నూటయాభై రూపాయలు దాటింది. సెప్టెంబరు వచ్చేసరికి అదే మార్కెట్‌లో పది రూపాయల చుట్టుపక్కలకు దిగజారింది. ఈ రెండు నెలలనూ మనం రైతు కథగానే చెప్పుకున్నాం. చెప్పుకోవాల్సిందే. అయితే హార్స్‌లీ కొండల కింద బి.కొత్తకోటలో ఎరువులు, పురుగుమందులు అమ్మేవారు, చిల్లర కొట్టు నడిపేవారు, మోటారు వైండింగ్ చేసేవారు, బట్టల షాపువారు కూడా టమాటా ధర వెంటే లేస్తారు, దాని వెంటే పడతారు. అందుకే ఈ ప్రాంతంలో సొంత వ్యాపారం పెట్టాలనుకునే యువకులు పెట్టుబడి కంటే ముందు ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. మన దగ్గర కొనేవారి చేతికి డబ్బు ఎప్పుడు వస్తుంది? ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రభుత్వ పథకాలు ఈ ప్రశ్న దాకా రావడం లేదు. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్ర రుణాల్లో 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్ అన్నారు. తరుణ్ అప్పు సక్రమంగా తీర్చినవారికి ఆ పరిమితిని 20 లక్షలకు పెంచుతామని 2024 బడ్జెట్‌లో ప్రకటించారు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద పల్లెల్లో యూనిట్ పెడితే జనరల్ వర్గానికి 25 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 35 శాతం సబ్సిడీ. ఇవన్నీ మంచివే. కానీ బ్యాంకు చేతిలో పెట్టే ఆ డబ్బు ర్యాకులకు, ఫ్రిజ్‌కు, మొదటి సరుకుకు సరిపోతుంది. కొట్టు మునిగేది అక్కడ కాదు.

ఒక లెక్క వేద్దాం. నెలకు లక్ష రూపాయల బేరం జరిగే కొట్టు. అందులో సగం అరువు. ఆ అరువు పంట చేతికొచ్చాక, అంటే నాలుగు నెలలకు వసూలవుతుంది. ఈ లెక్కన ఎప్పుడు చూసినా రెండు లక్షలు బయటే ఉంటాయి. మదనపల్లె హోల్‌సేల్ వ్యాపారి మాత్రం పదిహేను రోజులకే డబ్బు అడుగుతాడు. ఆ లోటు పూడ్చడానికి రెండు లక్షలు నూటికి మూడు రూపాయల నెల వడ్డీకి తెస్తే నెలకు ఆరు వేలు వడ్డీకే పోతుంది. నూటికి పది రూపాయలు మిగిలే వ్యాపారంలో మొత్తం మిగులు పది వేలు. మిగతా నాలుగు వేలలో అద్దె, కరెంటు, ఇంటి ఖర్చు సర్దుకోవాలి. ఖాతా పుస్తకంలో లాభం కనిపిస్తూనే ఉంటుంది, గల్లా పెట్టె మాత్రం ఖాళీ. ఆ ఏడాది టమాటా ధర కిందపడిందంటే నాలుగు నెలల అరువు ఎనిమిది నెలలవుతుంది.

అరువు ఇవ్వకపోతే సరిపోదా అని పట్నంలో కూర్చుని అనడం తేలిక. కొనడానికి వచ్చేది మేనమామో, పక్క పొలం వాళ్లో అయినప్పుడు, ‘కోత కాగానే ఇచ్చేస్తా అల్లుడూ’ అన్న మాటను కాదనడం ఎవరి తరం? కాదంటే ఆ ఇంటి బేరమంతా పక్క కొట్టుకు పోతుంది. పల్లె చిల్లర వ్యాపారంలో అరువు కూడా ఒక సరుకే. దాని ఖరీదు ఎవరు భరించాలన్నదే అసలు చిక్కు.

ఇదే ప్రాంతంలో వేరే రకం డబ్బు తిరిగే చోట్లు ఉన్నాయి. కుప్పం నుంచి రోజూ రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్లివచ్చేవారు ఎందరో. వాళ్ల ఇళ్లకు నెల జీతం వస్తుంది. పాడి ఉన్న పల్లెల్లో పాల బిల్లు వస్తుంది. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడ్డాక పాడి రైతులు ప్రైవేటు డెయిరీల దయ మీద ఆధారపడ్డారు. 2014లో తిరుపతి కేంద్రంగా, పాలుపోసే మహిళలే వాటాదారులుగా శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ మొదలైంది. లక్షకు పైగా సభ్యులున్న ఆ సంస్థ పాల డబ్బును నేరుగా మహిళల బ్యాంకు ఖాతాల్లోనే వేస్తుంది. పాల డబ్బు టమాటా లాటరీ అంత పెద్దది కాదు. కానీ గడువు తప్పకుండా వచ్చే చిన్న మొత్తమే కొట్టును బతికిస్తుంది. కాబట్టి ఎక్కడ కొట్టు పెట్టాలో చూసేటప్పుడు ఆ వీధి ఎంత రద్దీగా ఉందన్న దానికంటే, చుట్టుపక్కల ఎన్ని ఇళ్లకు పాల బిల్లో, జీతమో వస్తోందన్నది ముఖ్యం.

ఇక ఏ వ్యాపారం పెట్టాలన్న సంగతి. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ టమాటా ప్రాసెసింగ్ ఫ్యాక్టరీ మాట వినిపిస్తుంది. టమాటాలో సుమారు 94 శాతం నీరే. పైగా మన రైతులు వేసే హైబ్రిడ్లు లారీలో దూరం వెళ్లినా చితకని గట్టి తోలు రకాలు. గుజ్జుకు కావాల్సిన చిక్కదనం వాటిలో తక్కువ. ధర పడినప్పుడే కాయలు కొనగలిగే ఫ్యాక్టరీ మిగతా నెలల్లో ఏం చేస్తుంది? చిన్న పెట్టుబడిదారు దీని జోలికి వెళ్లకపోవడమే మేలు. నారు పెంచే నర్సరీ, డ్రిప్ మరమ్మతు లాంటివి నయం. వాటి అవసరం ధర తేలకముందే, సాగు మొదట్లోనే పడుతుంది. హార్స్‌లీ కొండలకు శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి వచ్చే కార్లు ఇంకో దారి. రాగులు, చెనిక్కాయలు, చింతపండు, తేనె శుభ్రంగా ప్యాక్ చేసి దారి పక్కన అమ్మితే అది నగదు బేరం. పైగా బయటి నుంచి ఊళ్లోకి వచ్చే డబ్బు.

మదనపల్లె నీరుగట్టువారిపల్లె పట్టు నేతకారులదీ ఇదే అరువు బాధ, మరో రూపంలో. నూలు నగదుకు కొనాలి, చీర అరువుకు ఇవ్వాలి. సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి సరుకు కొన్నవారు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదు చేస్తే పెద్ద షాపు మళ్లీ చీర కొనదన్న భయంతో ఈ చట్టం కాగితం మీదే మిగిలిపోతోంది. చిల్లర వ్యాపారులకు ఆ రక్షణ అసలే లేదు. 2021లో వారికి సూక్ష్మ, చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ నమోదు అవకాశం ఇచ్చినా, అది ప్రాధాన్యరంగ రుణాల వరకే.

ఒక అన్యాయం ఇక్కడే కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు పంట కాలాన్ని చూసి రైతుకు వాయిదా పెడుతుంది. అదే రైతుకు ఎరువూ బియ్యమూ అరువిచ్చిన కొట్టువారికి మాత్రం నెలనెలా వాయిదా. వారి డబ్బు కూడా ఆ పంటలోనే ఉందన్న సంగతి బ్యాంకు లెక్కలోకి రాదు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ముద్ర కార్డు మీద ఓవర్‌డ్రాఫ్ట్ ఇవ్వొచ్చని నిబంధనల్లోనే ఉంది. ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ సంస్థలకు 5 లక్షల పరిమితితో క్రెడిట్ కార్డులిస్తామనీ, మొదటి ఏడాది పది లక్షల కార్డులనీ 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల బ్యాంకు అధికారులకు నా విన్నపం ఇది: పల్లె వ్యాపారులకు నెలనెలా వాయిదా కట్టే టర్మ్ లోను బదులు ఈ ఓవర్‌డ్రాఫ్టో, కార్డు పరిమితో ఇవ్వండి, వడ్డీ నెలనెలా తీసుకుని అసలు కోత తర్వాత కట్టించుకోండి. పథకాలు నడిపే ప్రభుత్వ అధికారులు కూడా ఏటా ఎన్ని యూనిట్లు పెట్టించారో చెప్పడంతో ఆగకుండా, మూడేళ్ల కింద పెట్టినవాటిలో ఎన్ని నడుస్తున్నాయో మండలాలవారీగా ప్రకటించాలి. వ్యాపారులు ఉద్యమ్ నమోదు వెంటనే చేయించుకోవాలి. అందుకు రూపాయి ఖర్చు లేదు.