ఆటస్థల మెవరిది?

తల్లిదండ్రులు ఉపాధ్యాయులను తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: "అయ్యా, ఆటలవలన మావానికి మార్కులు వచ్చునా?" ఈ నడుమ మఱియొక ప్రశ్న బయలుదేఱినది: "మావాఁడు క్రికెట్టు నేర్చినచో లక్షలు గడింపఁగలఁడా?" మొదటివారు బాలుని మైదానమునుండి యీడ్చుకొనిపోవుదురు, రెండవవారు తెల్లవాఱకముందే వానిని మైదానమునకుఁ దఱుముదురు. నాకు రెండును నొక్క ప్రశ్నగనే తోఁచుచున్నవి. ఆటవలన బాలునికిఁ గలుగు నుల్లాసమును గూర్చి యెవరును అడుగరు.

ఆటచేఁ గీర్తి గాంచినవారు మన సీమలో లేకపోలేదు. నాఁడు ప్రకాశము జిల్లాలోనిదైన నాగండ్లలో 1973లో జన్మించిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆలింగ్లండు బాడ్మింటన్ పోటీ గెలిచెను. గుంటూరునఁ బెరిగిన కిదాంబి శ్రీకాంత్ 2017లో నాలుగు సూపరు సిరీసు పోటీలు గెలిచి, 2018 ఏప్రిలులో లోకమున మొదటి స్థానము నందెను. అందులకై యతఁడు హైదరాబాదునకుఁ బోవలసివచ్చెను. వేలకొలఁది బాలురలో నట్టివాఁ డొకఁడు. మిగిలినవారి మాట యేమి? కల్లములో మిరపకాయలు పోసి తాలుకాయ నేఱి వేఱుగాఁ బెట్టుదుము. సరకునకు అది తగును. పిల్లల నట్లేఱుట తగునా?

అమెరికాలో ఈ యేఱుట కళాశాలలలోనే జరుగును. మిషిగన్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాలు మైదానమున లక్షమందికి పైగాఁ గూర్చుండి చూతురు. ఒకమాఱు బరిలో నుండువారు ఇరువదియిద్దఱు. ఆ దేశమున నాడు విద్యార్థులు 2021నుండి తమ పేరుమీఁద ధనము గడింపవచ్చును. 2025నుండి విశ్వవిద్యాలయములే వారికి నేరుగాఁ జెల్లింపవచ్చును. శ్రమకు ఫలము దక్కుట న్యాయమే. కాని చూచువారు చప్పట్లు చఱచుట వ్యాయామము కాదు గదా!

ఆటను వృత్తిగాఁ గొనుట దోషమని నే ననను. మన చెడుగుడు సయితము 2014లో ప్రో కబడ్డీ వచ్చినపిదప నలుగురికి జీవనాధారమైనది, సంతోషమే. గోపీచంద్ తన విజయమునకుఁ బిమ్మట శీతలపానీయపు ప్రకటన యొకటి రాఁగా, ఆ పానీయము ఆరోగ్యమునకు మంచిది కాదని దానిని నిరాకరించెను. అట్టి యాటగాఁడు ఎంత గడించినను నాకు సమ్మతమే.

నా విన్నపము చిన్నది. నేను చదివిన పాఠశాలలో పదవ తరగతి రాఁగానే ఆటల గంట లెక్కల గంటగా మాఱెడిది. బాలికల కంతకుముందే ఆట ముగిసెడిది. గోడప్రక్క నిలిచి తమ్ముల పుస్తకములు పట్టుకొనుట వారి పని. ఇట్టి యాచారము నేఁటికిని పెక్కుచోట్లఁ గలదు. ఇఁక నేల సంగతి. మన నల్లరేగడి వానకుఁ గాళ్ల కంటుకొనును; ఎండకు నెఱ్ఱెలు వాఱి మడమలు బెణకించును. దానిపై ఎఱ్ఱమన్ను పఱపించి, చదునుచేసి, సగము బాలికలకు గీఁత గీసి యీయవలెను. ప్రత్తియు మిరపయు అమ్ముడుపోయిన పిదప రైతుల ట్రాక్టర్లు కొన్నాళ్లు ఖాళీగ నుండును. ఒక్కొక్క తండ్రి యొక్కొక్క ట్రాక్టరు మన్ను తోలించెనేని, జూనులో బడి తెఱచునాఁటికిఁ బని ముగియును.