అమెరికాలో అద్దె ఇల్లు

మా జల్‌పల్లికి శంషాబాద్ విమానాశ్రయం దగ్గరే. పిల్లలకు పచ్చళ్ళు కట్టి ఎక్కించేస్తే సరిపోదు, ఇల్లు అద్దెకు తీసుకునే సంగతులూ చెప్పి పంపాలి.

అమెరికాలో కొత్తగా దిగినవాళ్ళకు క్రెడిట్ హిస్టరీ ఉండదు. అందుకని ఇల్లుగలవాళ్ళు పూచీ అడుగుతారు. కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి చాలా ఇళ్ళకు అడ్వాన్సు ఒక నెల అద్దెకు మించకూడదు. ఖాళీ చేశాక 21 రోజుల్లో లెక్క చూపి, మిగిలింది తిరిగివ్వాలి. మిగతా రాష్ట్రాల్లో పద్ధతులు వేరు.

ఫొటోలు చూసి ఇక్కడినుంచే డబ్బు పంపకండి. తెలిసినవాళ్ళు వెళ్ళి ఇల్లు చూశాకే సంతకం. దిగిన రోజే గోడలు, పొయ్యి, కార్పెట్ ఫొటోలు తీయమనండి. పాత మరకలకు మన అడ్వాన్సు కోయకుండా అదే సాక్ష్యం. లీజు మధ్యలో వదిలితే ఎంత కట్టాలో ముందే అడగాలి.

పోపు పెట్టేముందు పొయ్యి మీది ఫ్యాను వేయమనండి, లేకపోతే పొగకు అలారం మోగుతుంది!